గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు - గ్రంథాలయ బోధన

పులివెందుల ప్రాంతమునందలి సింహాద్రిపురము గాడిచెర్లవారి పూర్వుల గ్రామము. ఆ కుటుంబము కర్నూలునకు తరలిపోయిన పిమ్మట, 1883 సెప్టెంబరు 14వ తేదీన హరిసర్వోత్తమరావుగారు అక్కడ జన్మించిరి. మైలవరమున కూర్చుండి ఈ వ్యాసము వ్రాయుచున్న నాకు సింహాద్రిపురము పొరుగూరు వంటిది. అయినను మా సీమలో ఆయనను దేశభక్తునిగా, పాత్రికేయునిగా ఎరిగినవారే ఎక్కువ. గ్రంథాలయమున ఎవరికి, ఏమి, ఎట్లు నేర్పవలెనను ప్రశ్న ఆయన జీవితమంతటను ఒక సూత్రమువలె సాగినదని గుర్తించినవారు తక్కువ. ఆ సూత్రమును పట్టుకొని ఆయన చరిత్రను ఒకమారు పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

చదువు సాగుటయే కష్టమైన ఇంటినుండి వచ్చి, ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ దినములలో ఆ పట్టము గలవానికి సర్కారు కొలువు చేతికందిన ఫలమే. ఉపాధ్యాయ వృత్తిని కోరి రాజమహేంద్రవరములోని ట్రైనింగు కళాశాలలో చేరిరి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళిరి. దొరలు కినిసిరి. హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టి, సర్కారు కొలువునకు అనర్హునిగా నిర్ణయించిరి.

చరిత్రకారులు ఇచ్చట దేశభక్తిని ప్రశంసించి ముందునకు సాగిపోవుదురు. నాకు మాత్రము ఇచ్చట కొంచెము నిలువవలెననిపించును. ఆయన ఆనాడు అభ్యసించుచున్నది బోధనాశాస్త్రము. పాఠమును విభజించుట, శిష్యుని స్థాయి నెరుగుట, నేర్పినది నిలిచినదో లేదో పరీక్షించుట అను విషయములను నేర్చుకొనుచుండగా బడి తలుపు ఆయనకు మూసికొనిపోయెను. నేర్చిన విద్య మాత్రము ఆయనతోనే ఉండెను. హాజరుపట్టీ, బెత్తము లేని బడి ఏది? శిష్యుడు తనంతట తాను వచ్చు బడి ఏది? తరువాతి యాబదేండ్లు ఆయన అటువంటి బడులనే వెదకికొనిరి.

ఆ సంవత్సరమే విజ్ఞానచంద్రికా మండలి తన మొదటి ప్రచురణగా ఆయన వ్రాసిన అబ్రహాం లింకన్ చరిత్రమును వెలువరించెను. కట్టెల గుడిసెలో పుట్టి, ఎరవు పుస్తకములతో చదువుకొనిన వాని కథ అది. తెలుగు తప్ప మరొక భాష రాని పాఠకునికి లోకమును పరిచయము చేయుటయే ఆ మండలి ఆశయము. 1908లో బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడుపుచు, అందలి ఒక వ్యాసమునకు రాజద్రోహ నేరము క్రింద మూడేండ్ల కఠిన శిక్ష అనుభవించిరి. 1911లో విడుదలైన పిదప చేరదీయుటకు వెరచినవారే ఎక్కువ. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు వెరవలేదు. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా మారినప్పుడు హరిసర్వోత్తమరావుగారు దానికి సంపాదకులైరి. పల్లెలలో పత్రికను చదువువాడు ఒక్కడు, వినువారు పదిమంది. చెవికి తెలియని మాట ఆ సభలో నిలువదు. కొత్త విషయములకు తెలుగు మాటలు వెదకుటలో ఆనాటి పాత్రికేయులు పడిన శ్రమకు ఇదియు ఒక కారణమని నా ఊహ.

అదే 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. పుస్తకములు సమకూర్చుట సులభము, వానిని నడుపువారిని సమకూర్చుట కష్టమని సంఘమువారు త్వరలోనే గ్రహించిరి. బరోడా సంస్థానమున 1911లోనే అమెరికా దేశస్థుడైన బోర్డెన్ గ్రంథపాలకులకు శిక్షణ ప్రారంభించియుండెను. పంజాబ విశ్వవిద్యాలయమున 1915లో డికిన్సన్ మరొకటి నడపెను. మన సంఘము 1920లో బెజవాడలో శిక్షణ తరగతులు జరిపెను. అక్కడ సంస్థానాధీశుని ధనము, విశ్వవిద్యాలయపు గౌరవము ఉండెను. ఇక్కడ నున్నవి చందాలు, స్వచ్ఛంద సేవ. ఈ భేదమును మరచినచో మన ఉద్యమపు ఘనత బోధపడదు.

హరిసర్వోత్తమరావుగారు తరువాత ఆ సంఘమునకు అధ్యక్షులై చాలకాలము దానిని నడిపిరి. ఊరూర తిరిగి గ్రంథాలయ యాత్రలు చేసిరి. 1930ల దశకమున బెజవాడలో గ్రంథాలయ సేవకులకు శిక్షణ శిబిరము జరిపిరి. వయోజన విద్యను తమ రెండవ కార్యక్షేత్రముగా చేసికొనిరి. ఈ రెండు పనులను వేర్వేరుగా లెక్కించుట వాడుక. అవి వేరు కావని నా అభిప్రాయము. దానికి మన శాస్త్రపద్ధతిలోనే సమాధానము కలదు.

ఏ శాస్త్రగ్రంథమైనను ఆరంభమున అనుబంధ చతుష్టయమును చెప్పవలెను గదా. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అని నాలుగు. అధికారి నిర్ణయము కానిదే విషయము నిర్ణయము కాదు. పాణిని సూత్రములను భట్టోజి దీక్షితులు ప్రక్రియానుసారముగా తిరిగి కూర్చిరి. వరదరాజులు దానినే బాలుర కొరకు సంగ్రహించిరి. సూత్రము మారలేదు. అధికారి మారెను, కావున క్రమము మారెను. పాశ్చాత్యులు నేడు బోధనా రూపకల్పన అను పేర నడుపుచున్న శాస్త్రము కూడ ఈ త్రోవనే పోవుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమున వేలకొలది సైనికులకు త్వరగా పనులు నేర్పవలసి వచ్చినప్పుడు అమెరికాలో దానికి అంకురము పడెను. 1965లో రాబర్ట్ గాన్యే వ్రాసిన గ్రంథము దానికి ఒక ఆధారమైనది. శిష్యుని స్థితిని ముందు చూడుము, వాడు చివరకు ఏమి చేయగలుగవలెనో నిర్ణయింపుము, ఆ పిదప పాఠమును కూర్పుము, నడిపి ఫలమును పరీక్షింపుము అని దాని సారము.

ఈ దృష్టితో చూచినచో ఆనాటి తెలుగు గ్రంథాలయమునకు కనీసము నలుగురు అధికారులు కానవత్తురు. అక్షరము రానివాడు మొదటివాడు. వానికి చదివి వినిపింపవలెను. రాత్రిబడిలో అక్షరములు నేర్చినవాడు రెండవవాడు. వానికి తగిన పుస్తకము వెంటనే చేతికి రానిచో నేర్చినది ఏడాదిలో మాయమగును. వయోజన విద్య గ్రంథాలయమునుండి విడివడలేదనుటకు ఇదియే హేతువు. చదువు వచ్చియు పుస్తకమును వెదకికొనుట రానివాడు మూడవవాడు. ఈ మువ్వురికిని నేర్పవలసిన గ్రంథపాలకుడు నాల్గవవాడు. వానికి పుస్తకములకు అంకెలు వేయుట నేర్పి ఊరకుండినచో వాడు కాపలాదారు అగును గాని బోధకుడు కాడు. వయోజనుని చదువును, గ్రంథపాలకుని శిక్షణను హరిసర్వోత్తమరావుగారు ఒక్కచేతితో నడుపుటలోని యుక్తి ఇదియని నేను గ్రహించితిని.

మూడవ అధికారి కష్టము నాకు స్వానుభవము. 1960ల దశకమున పాఠశాల విద్యార్థిగా ఒక గ్రంథాలయమునకు పోయి లింగయసూరి అమరపదవివృతి కావలెనని అడిగితిని. గ్రంథపాలకుడు కార్డుల పెట్టెను చూపి తన పనిలో మునిగెను. నాకు అమరము మూడు కాండములు కంఠస్థము. కార్డు చూచుట మాత్రము రాదు. అమరుని పేర వెదకితిని, దొరకలేదు. సిగ్గుపడి వెడలిపోతిని. ఆ పుస్తకము వ్యాఖ్యాత పేర అక్కడనే ఉన్నదని రెండేండ్లకు తెలిసినది. ఐదు నిమిషముల పాఠము లేక రెండేండ్లు పోయినవి. మన ప్రాచ్య కళాశాలలలో నేడును ప్రవేశించిన విద్యార్థికి ఈ ఐదు నిమిషముల పాఠము ఎందరము చెప్పుచున్నామో ఎవరికి వారు చూచుకొనవలసి యున్నది. కార్డుల పెట్టె స్థానమున గణకయంత్రము వచ్చినను ఆ సిగ్గు మారలేదు.

ఇచ్చట షియాలి రామామృత రంగనాథన్‌గారిని తలంపకుండుట సాధ్యము కాదు. ఆయనయు ఉపాధ్యాయ శిక్షణ పొందినవారే. సైదాపేటలో ఆ పట్టము పుచ్చుకొని గణితము బోధించి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైరి. 1929లో వేసవి తరగతులు ప్రారంభించి గ్రంథాలయ శాస్త్రమునకు విశ్వవిద్యాలయమున పీట వేసిరి. కొత్త పాఠకునకు గ్రంథాలయమును పరిచయము చేయుట గ్రంథపాలకుని విధులలో ఒకటిగా నిర్ణయించిరి. ఒకరు ఉపాధ్యాయ శిక్షణను ముగించిరి, మరొకరు దానినుండి గెంటివేయబడిరి. ఒకరు శాస్త్రమును నిర్మించిరి, మరొకరు అది చేరవలసిన పల్లెను చూచిరి. ఎవరు గొప్ప అను చర్చ వ్యర్థము. రంగనాథన్‌గారి వలె మన ఆంధ్ర శిబిరములవారు కూడ తమ పాఠక్రమమును సమగ్రముగా గ్రంథస్థము చేసి యుండినచో మేలుగా ఉండెడిది.

మరియొక కొరతను చెప్పక తప్పదు. ఉద్యమము కృష్ణా గోదావరి తీరముల దట్టముగను, దత్తమండలములలో పలుచగను సాగినది. 1935లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. మా పెన్నలో నీరే అరుదు, పడవ ఎక్కడిది? శిక్షణ శిబిరములు బెజవాడలో జరిగినవి. జమ్మలమడుగునుండి అంతదూరము పోయి నేర్చి రాగలవాడెవ్వడు? ఆయన రాయలసీమ హక్కుల కొరకు పాటుపడిన మాట నిజము. మద్రాసు శాసనమండలిలోను ఈ సీమ పక్షమున మాటలాడిరి. కాని గ్రంథాలయ శిక్షణ విషయమున తన పూర్వుల గ్రామము ఆయన ప్రణాళికకు బయటనే మిగిలిపోయెను. దోషము ఆయనదని అనను. అధికారిని నిర్ణయించునప్పుడు అతని ఊరును, దారిని గూడ లెక్కింపవలెనని మాత్రము అందును.

హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29వ తేదీన పరమపదించిరి. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ఆ సంవత్సరమే వచ్చినది. విజయవాడ పటమటలో గ్రంథాలయ సంఘపు భవనమునకు సర్వోత్తమ భవనమని ఆయన పేరే పెట్టిరి. తరువాతి కాలమున గ్రంథపాలకుల శిక్షణ తరగతులు ఆ కప్పు క్రిందనే సాగినవి.