పురుడంటే భయం పోగొట్టిన గుంటూరు డాక్టరమ్మ

కాన్పు ఎలా అయిందని అడిగితే చాలామంది తల్లులు నొప్పుల గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ సమయంలో పక్కన ఎవరున్నారో మాత్రం వివరంగా చెబుతారు. అమ్మ చెయ్యి పట్టుకుందనో, నర్సమ్మ విసుక్కోకుండా ధైర్యం చెప్పిందనో, ఆయన నైట్‌ షిఫ్టు దిగి నేరుగా ఆస్పత్రికే వచ్చాడనో గుర్తుచేసుకుంటారు. గోదావరిఖని, రామగుండం క్వార్టర్లలోనైనా, మరెక్కడైనా ఇదే మాట. పురుడు మంచి జ్ఞాపకంగా మిగలాలంటే మందూ కావాలి, మనిషీ కావాలి. తెలుగునాట ఈ రెండింటినీ ఒకేచోటికి తెచ్చిన తొలితరం వైద్యుల్లో డాక్టర్‌ అన్నా సారా కుగ్లర్‌ ఒకరు.

కుగ్లర్‌ 1856 ఏప్రిల్‌ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్‌ అనే ఊళ్లో పుట్టారు. ఆడపిల్లలు డాక్టరు చదువు చదవడమే వింతగా చూసే రోజులవి. అయినా ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పొందారు. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి ఏడేళ్ల తర్వాత పట్టా అందుకున్నది ఈ కళాశాలలోనే.

గుంటూరు ప్రాంతంలో ఆడవాళ్లకు ఆడ డాక్టరు అవసరం ఎంతో ఉందని అక్కడ పనిచేస్తున్న లూథరన్‌ మిషనరీ ఒకరు రాసిన ఉత్తరం కుగ్లర్‌ను కదిలించింది. వెళ్తానని ముందుకొచ్చారు. వైద్యం కోసం ఎవరినీ పంపే ఆలోచన మిషన్‌ పెద్దలకు అప్పటికింకా లేదు. వచ్చేది టీచరుగానే అయినా ఫర్వాలేదనుకుని ఓడెక్కారు. 1883 నవంబరులో గుంటూరు చేరుకున్నారు.

అప్పట్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకే వచ్చేవారు కాదు. ఇక మగ డాక్టరు చేత కాన్పు చేయించుకోవడమన్నది ఊహకైనా అందని మాట. పురుడు ఇంటి గదిలో, మంత్రసాని చేతుల మీదుగా జరగాల్సిందే. అంతా సవ్యంగా సాగితే సరే. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా దేవుడిపై భారం వేయడం తప్ప దారి ఉండేది కాదు. పురుడు ఆడదానికి మరో జన్మ అనే మాట ఊరికే పుట్టలేదు.

టీచరు పని చేస్తూనే కుగ్లర్‌ వైద్యమూ మొదలుపెట్టారు. తొలి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లి 185 మందిని, తన నివాసంలో మరో 276 మందిని చూశారు. ఈ పని చూశాక మిషన్‌ పెద్దలు మనసు మార్చుకుని, 1885 చివర్లో ఆమెను అధికారికంగా వైద్యురాలిగా నియమించారు. తర్వాత డిస్పెన్సరీ తెరిచారు. స్వదేశానికి వెళ్లి విరాళాలు పోగుచేసి తిరిగొచ్చారు. చివరికి 1897లో 50 పడకల ఆస్పత్రి తలుపులు తెరుచుకున్నాయి. కాలక్రమంలో ప్రసూతి విభాగం, పిల్లల వార్డు ఏర్పడ్డాయి.

ఆ ఆస్పత్రిలో ఆడవాళ్లను చూసేది ఆడవాళ్లే. డాక్టర్‌ మేరీ బేర్‌, నర్సు కేథరిన్‌ ఫాస్‌ 1890లలో వచ్చి కుగ్లర్‌కు తోడయ్యారు. స్థానిక యువతులకు నర్సింగ్‌ నేర్పారు. దీంతో పురిటి మంచం దగ్గర తెలుగులో పలకరించే మనిషి దొరికింది. గడప దాటని ఇల్లాళ్లు ఆస్పత్రి మెట్లెక్కడానికి ఈ నమ్మకం అవసరమైంది.

ఏలూరు జమీందారు భుజంగరావు రాణికీ కుగ్లర్‌ వైద్యం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆయన 1911లో ఆస్పత్రి దగ్గర, రోగుల బంధువులు బస చేయడానికి ఒక సత్రం కట్టించారు. డబ్బున్నవారు ఆస్పత్రికి పరికరాలో, మంచాలో ఇవ్వడం మామూలే. జమీందారు మాత్రం రోగితో వచ్చే తల్లికి, అత్తకు, అక్కకు నీడ కల్పించారు. అయినవాళ్లు దగ్గరుంటే ఎంత ధీమాగా ఉంటుందో ఆయన గుర్తించారు.

ప్రభుత్వం కుగ్లర్‌ను 1905లో కైజర్‌-ఇ-హింద్‌ పతకంతో గౌరవించింది. చివరి సంవత్సరాల్లో తీవ్రమైన రక్తహీనత బాధిస్తున్నా ఆమె గుంటూరును వదల్లేదు. దాదాపు 47 ఏళ్ల సేవ తర్వాత 1930 జులై 26న అక్కడే కన్నుమూశారు. ఆమె కట్టించిన ఆస్పత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

కుగ్లర్‌ అనుసరించిన పద్ధతికి నేటి వైద్యశాస్త్రమూ మద్దతిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవ సమయ సంరక్షణపై సిఫార్సులు విడుదల చేసింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే చాలదని, తల్లికి అది మంచి అనుభవంగా మిగలాలని చెప్పింది. గౌరవంగా చూడటం, అర్థమయ్యేలా మాట్లాడటం, ఆమె కోరుకున్న తోడును పక్కన ఉండనివ్వడం అందులో ముఖ్యమైనవి. 15 వేల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, నొప్పుల వేళ ఎడతెగని తోడు ఉన్నవారిలో సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ. నొప్పుల సమయమూ కొంత తగ్గింది. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ కాన్పు సమయంలో తోడుగా ఒక మహిళను అనుమతించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది.

తెలంగాణలో పదింటికి ఆరు కాన్పులు సిజేరియన్లేనని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అవసరమైనచోట ఆపరేషన్‌ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. నొప్పులకు జడిసో, ముహూర్తం కోసమో కోత కోరుకోవడం వేరు. ఆ జంకును తగ్గించడంలో ఇంటివాళ్ల పాత్ర పెద్దది.

అందుకే ఎనిమిదో నెల పరీక్షకు వెళ్లినప్పుడే డాక్టరును అడగండి. లేబర్‌ రూమ్‌లోకి తోడు ఎవరు రావచ్చు? నొప్పులు మొదలయ్యాక అటూఇటూ నడవొచ్చా? ఏ పరిస్థితుల్లో ఆపరేషన్‌ చేస్తారు? తోడుండే అమ్మనో, అత్తనో కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లండి. ఆయన షిఫ్టులో ఉంటే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లాలో ముందే అనుకోండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే బయల్దేరండి.