పండ్ల ఈగతో పెద్ద ప్రశ్నలు వేసిన ఒబైద్ సిద్దిఖీ

బాగా మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల్ని మనం చేత్తో తోలేస్తాం. ప్రొఫెసర్ ఒబైద్ సిద్దిఖీ మాత్రం వాటినే ప్రయోగశాలలో పెంచి, వాసన ఎలా తెలుస్తుంది, రుచి ఎలా తెలుస్తుంది, నరాల్లో సంకేతం ఎలా నడుస్తుంది అని దశాబ్దాల పాటు పరిశోధించారు. మన దేశంలో మాలిక్యులర్ బయాలజీకి పునాది వేసినవారిలో ఆయనది ముందు వరుస.

1932 జనవరి 7న ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లాలో పుట్టారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చదువుకున్నారు. తర్వాత స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు వెళ్లి, పేరున్న జన్యుశాస్త్రవేత్త గైడో పొంటెకోర్వో దగ్గర చేరారు. ఒక రకం బూజు మీద పనిచేసి, ఒకే జన్యువు లోపలి భాగాలు ఏ వరుసలో ఉన్నాయో, అవి ఎలా కలుస్తాయో చూపించారు. 1961లో పీహెచ్‌డీ వచ్చింది.

అక్కడి నుంచి అమెరికా. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో అలన్ గారెన్‌తో కలిసి ఇ.కోలి బ్యాక్టీరియా మీద పనిచేశారు. కొన్ని జన్యులోపాల వల్ల ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. అయితే కొన్ని రకాల బ్యాక్టీరియాలో మరో జన్యువు ఆ లోపాన్ని కప్పిపుచ్చి, ప్రొటీన్ తయారయ్యేలా చేస్తుందని 1962లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. వాక్యం చివర చుక్క పెట్టినట్టు, జన్యుభాషలో కూడా ఇక్కడ ఆపు అని చెప్పే గుర్తులు ఉంటాయి. వాటిని గుర్తించే దారిలో ఈ పని ఒక ముఖ్యమైన మెట్టు అయింది.

ఇంత మంచి పని చేతిలో ఉన్న కుర్ర శాస్త్రవేత్తకు విదేశంలోనే స్థిరపడటం కష్టమేం కాదు. అయినా సిద్దిఖీ తిరిగొచ్చారు. భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ ఆయన గురించి హోమీ భాభాకు చెప్పారు. భాభా పిలిచి, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మాలిక్యులర్ బయాలజీ యూనిట్ పెట్టమన్నారు. అది 1962. ఫిజిక్స్, గణితం వాళ్ల సంస్థలో జీవశాస్త్రం మొదలైంది అలా.

1970లలో ఆయన దృష్టి బ్యాక్టీరియా నుంచి పండ్ల ఈగ మీదకు మళ్లింది. కాలిఫోర్నియాలో సీమోర్ బెంజర్‌తో కలిసి చేసిన ప్రయోగాలు చాలా పేరు తెచ్చాయి. కొన్ని ఈగలు వేడి పెంచితే కదల్లేక పడిపోతాయి, చల్లబరిస్తే లేచి మామూలుగా తిరుగుతాయి. ఒక్క జన్యువు తేడా వల్ల ఇలా జరుగుతుంది. ఆ ఈగల నరాల్లో, కండరాల్లో విద్యుత్ సంకేతాలు ఎక్కడ ఆగుతున్నాయో కొలిచి, 1976లో ఇద్దరూ ప్రచురించారు. అలాంటి ఈగల నుంచే తర్వాతి కాలంలో నరాల్లో సోడియం ద్వారాలను తయారుచేసే జన్యువు కూడా దొరికింది. ఆ తరహా ద్వారాలు మనిషి నరాల్లోనూ ఉన్నాయి. పన్ను పీకేముందు డాక్టర్ ఇచ్చే మత్తు ఇంజెక్షన్ పనిచేసేది వాటి మీదే.

ఆయన పనిలో శిష్యుల వాటా కూడా పెద్దదే. డబ్లిన్‌లో చదువుకున్న వెరోనికా రోడ్రిగ్స్ అనే అమ్మాయి ఆయన దగ్గర పరిశోధన చేయడానికే బొంబాయి వచ్చారు. రుచి, వాసన సరిగా పట్టలేని ఈగల్ని వేరుచేసి 1978లో గురుశిష్యులు ప్రచురించిన పేపర్ ఒక కొత్త రంగానికే దారి చూపింది. తర్వాత ఆమె కూడా పేరున్న శాస్త్రవేత్త అయ్యారు.

సిద్దిఖీ అంతటితో ఆగలేదు. బెంగళూరులో నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌ను నిలబెట్టి, మొదటి డైరెక్టర్‌గా నడిపారు. ఆ బాధ్యతను తర్వాతి తరానికి చెందిన కె.విజయరాఘవన్‌కు అప్పగించాక కూడా ల్యాబ్ వదల్లేదు. 1984లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్, 2006లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఎనభై దాటిన వయసులోనూ ఈగల వాసన మీద ప్రయోగాలు చేస్తూనే ఉన్నారు.

బెంగళూరులో రోడ్డు ప్రమాదంలో గాయపడి 2013 జూలై 26న కన్నుమూశారు. భార్య ఆసియా సిద్దిఖీ చరిత్రకారిణి. కుమారుడు ఇమ్రాన్ సిద్దిఖీ మన హైదరాబాద్ సీసీఎంబీలోనే మొక్కల జన్యువుల మీద పరిశోధన చేశారు. ఒబైద్ సిద్దిఖీ పెట్టిన బెంగళూరు సంస్థలో ఇప్పటికీ దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు పీహెచ్‌డీ చేస్తున్నారు. సైన్స్ చదువుతున్న మన ఇళ్లలోని అబ్బాయిలకు, అమ్మాయిలకు కూడా ఆ తలుపు తెరిచే ఉంది.