ఫ్రాయిడ్ గదిలో జోఫీ

మనోవిశ్లేషణ పితామహుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856–1939) తనకంటూ కుక్కను పెంచుకున్నది డెబ్బై ఏళ్లు దాటాకే. అప్పటికే దవడ క్యాన్సర్ ఆయనను పీడిస్తోంది. 1923 నుంచి ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. 1930లో వచ్చిన చౌ జాతి శునకం జోఫీ, వియన్నాలో రోగులు మాట్లాడుతున్నంతసేపూ గదిలోనే పడుకునేది. సమయం ముగియగానే లేచి ఆవులించేదని కుటుంబీకులు చెప్పేవారు. కొంత అతిశయోక్తి ఉండవచ్చు. శునకాన్ని చికిత్సలో భాగస్వామిగా ప్రతిపాదించింది మాత్రం ఆయన కాదు, 1960లలో అమెరికా మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్.

జోఫీ 1937లో మరణించింది. మరుసటి ఏడాది నాజీల ఆక్రమణతో ఫ్రాయిడ్ లండన్ చేరారు. వెంట వచ్చిన మరో చౌ లున్‌ను నిబంధనల మేరకు ఆరు నెలలు వేరుగా ఉంచగా, చూసేందుకు ఆయనే వెళ్లారు. చివరి రోజుల్లో పుండు దుర్వాసనకు అదీ దగ్గరికి రాలేదు. గది మూలకు ఒదిగిపోయింది. 1939 సెప్టెంబరు 23న ఆయన కన్నుమూశారు.