అంధుల విద్యాదాత వాలెంటిన్ హావీ

చూపులేనివాడు పుస్తకము చదువగలడన్న మాటను రెండువందల యేబది సంవత్సరముల క్రిందట లోకము సామాన్యముగా నమ్మెడిది కాదు. ధనికుల యింట పుట్టిన అంధబాలలకు గురువులను పెట్టి సంగీతమో, గణితమో నేర్పించిన ఉదాహరణములు అక్కడక్కడ లేకపోలేదు. కాని బీదవాని బిడ్డకు కన్నులు పోయిన యెడల వానికి మిగిలిన వృత్తి యొక్కటే. దేవాలయపు మెట్లమీదనో, సంతకు పోవు దారిలోనో చేయి చాచి కూర్చుండవలెను. అట్టి బిడ్డలను ఒకచోట చేర్చి, చదువును చేతిపనిని కలిపి నేర్పి, తమ కూడు తాము సంపాదించుకొనునట్లు చేయవలెనని మొట్టమొదట ఒక పాఠశాలను నెలకొల్పి చూపినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన వాలెంటిన్ హావీ.

హావీ 1745వ సంవత్సరము నవంబరు 13వ తేదీన, పారిస్ నగరమునకు ఉత్తరమున పికార్డీ సీమలోని సేన్‌జూస్త్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి నేతగాడు, మగ్గముమీద వచ్చినదానితో ఇల్లు గడుపుకొను బీదవాడు. ఊరిలో క్రైస్తవ సన్యాసుల మఠ మొకటి యుండెను. ఆ సన్యాసులు నేతగాని కుమారు లిద్దరి తెలివిని గుర్తించి చదువు చెప్పిరి. పెద్దవాడు రెనే జూస్త్ మతగురువై, తరువాత స్ఫటికముల నిర్మాణమును పరిశోధించి, స్ఫటికశాస్త్రమునకు పునాది వేసినవాడని ప్రపంచ ప్రఖ్యాతి గాంచెను. ఒక మగ్గపుగుంట ప్రక్కన ఆడుకొనిన అన్నదమ్ము లిద్దరును చరిత్ర కెక్కుట యెంతటి విశేషమో నేతవారి యిండ్లు గల మన గ్రామములలో వేరుగ చెప్పనక్కరలేదు.

చిన్నవాడైన వాలెంటిన్ భాషలలో దిట్ట. పారిస్ చేరి, అనేక భాషలనుండి పత్రములను అనువదించుచు, పాతవ్రాతలను రహస్యలిపులను విడమరచి చెప్పుచు జీవించెను. కొంతకాలమునకు రాజుగారి దుబాసీ పదవి కూడ లభించెను. అక్షరమే ఆయనకు అన్నము పెట్టినది. అక్షరము లేనివారి సంగతి ఆయన మనస్సున నాటుకొనుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

1771వ సంవత్సరమున పారిస్ నడిబొడ్డునగల పదునైదవ లూయీ చౌకులో సెయింట్ ఓవిడ్ తిరునాళ్ళు జరుగుచుండెను. అందొక కాఫీ దుకాణమువాడు జనమును రాబట్టుటకు క్రొత్త వినోదము నొకదానిని కల్పించెను. అంధుల ఆశ్రమమునుండి పదిమంది గ్రుడ్డివారిని కూలికి పిలిపించి, వారికి కోమాలి దుస్తులు, పొడవైన మొనదేలిన టోపీలు, అద్దములు లేని అట్టకళ్ళజోళ్ళు తగిలించెను. ఎదుట సంగీతపు కాగితములను తలక్రిందులుగా నిలిపి, వానిముందు దీపములు వెలిగించెను. వారిలో నొకనికి గాడిదచెవులు కట్టి, నెమలిబొమ్మ గల యెత్తైన పీఠముమీద కూర్చుండబెట్టెను. ఆ అభాగ్యులు ఫిడేళ్ళపై ఒక్క స్వరమునే పదే పదే గీయుచుండగా జనము విరగబడి నవ్విరి. దుకాణమునకు బేరము బాగుగ జరిగెను. ఆ గుంపులో నిలిచి నవ్వలేకపోయినవా డొకడుండెను. అతడే హావీ. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారు సంవత్సరములు నిండలేదు.

ఆ రాత్రియే ఆయన అంధుల సేవకు కంకణము కట్టుకొనెనని కథలుగా చెప్పుకొనుట కలదు. ఆయన మనస్సున బీజము పడినది నిజమే. కాని అది మొలకెత్తుటకు పదమూడేండ్లు పట్టెను. ఈ నడుమ ఆయనకు దారి చూపినవి రెండు. పారిస్‌లోనే డిలెపే అను మతాచార్యుడు చెవిటి మూగ బాలురకు సంజ్ఞలతో చదువు చెప్పుచుండెను. చెవి చేయవలసిన పనిని కన్నుచేత చేయించుట సాధ్యమైనప్పుడు, కన్ను చేయవలసిన పనిని వ్రేలిచేత చేయించుట ఏల సాధ్యము కాదు? రెండవది, 1784లో వియన్నానుండి మేరియా తెరేసియా పారడిస్ అను అంధయువతి పారిస్ వచ్చి పియానో కచేరీలు చేసెను. ఆమె దిండుమీద గ్రుచ్చిన గుండుసూదులను తడవి అక్షరములను తెలిసికొనెడిది. చిన్న అచ్చుయంత్రముతో ఉత్తరములు కూర్చెడిది. హావీ ఆమెను కలిసికొని యా సాధనములన్నిటిని చూచెను. అయితే ఆమె ఉన్నత కుటుంబమున పుట్టినది. అదే విద్య బీదబిడ్డకు వచ్చునా యన్నది ఇంకను తేలవలసిన సంగతి.

అది తేల్చినవాడు ఫ్రాన్స్వా లెసూర్ అను బిచ్చగాడు. పదునేడేండ్లవాడు. పుట్టిన కొన్ని వారములకే చూపు పోయినది. చర్చి గుమ్మమున కూర్చుండి యెత్తిన బిచ్చముతో ఇంటివారిని పోషించుచుండెను. హావీ 1784లో అతనిని చదువుకు రమ్మనెను. ఆ పిలుపులో చిక్కొకటి కలదు. కుర్రవాడు పలక పట్టిన పూట ఇంట పొయ్యి రాజదు. పిల్లవానిని బడికి పంపుమన్నప్పుడు, పశువులను ఎవరు కాచెదరని తండ్రి యడుగుట మన ఊళ్ళలోను విన్నదే. హావీ ధర్మపన్నములు చెప్పలేదు. బిచ్చము మానుటవలన లెసూర్ పోగొట్టుకొను సొమ్మును తానే యిచ్చెదనని ఒప్పుకొనెను. అంధబాలుని చదువు గంటలకు కూలి కట్టియిచ్చిన ఆ యేర్పాటు చిన్నదిగా కనబడును గాని, ఆయన తరువాత చేసిన పనికంతకు మూలము అదే.

మొదట చెక్కతో చేసిన అక్షరములను చేతికిచ్చి, తడవి గుర్తించుట నేర్పెను. ఒకనాడు లెసూర్ బల్లమీది కాగితములను సవరించుచుండగా, అచ్చు గట్టిగా ఒత్తుకొనిన ఆహ్వానపత్ర మొకటి వ్రేళ్ళకు తగిలి, దాని వెనుకవైపున ఉబ్బిన అక్షర మొకటి అతనికి తెలిసెనని చెప్పుదురు. హావీ వెంటనే దాని మర్మమును పట్టుకొనెను. పెద్ద అక్షరములను తగినట్లు పోత పోయించి, తడిపిన దళసరి కాగితమును వానిపై పరచి ఒత్తగా, కాగితము ఆరిన పిమ్మట అక్షరము ఉబ్బెత్తుగా నిలిచెను. అంధులు చదువగల అచ్చుపుస్తకము ఆ విధముగా పుట్టినది. లెసూర్ కొలది నెలలలోనే చదువుట, లెక్కలు కట్టుట నేర్చెను. 1785లో పారిస్ శాస్త్రపరిషత్తు పండితులు అతనిని పరీక్షించి, హావీ పద్ధతిని మెచ్చుకొనిరి.

ఆ కాలముననే పారిస్‌లో దాతల సంఘ మొకటి పండ్రెండుగురు అంధబాలలకు నెలనెల కొంత సొమ్మిచ్చుచుండెను. ఆ పిల్లలను హావీకి అప్పగించిరి. 1785లో పాఠశాల యారంభమయ్యెను. అది మన మెరిగిన బడి వంటిది కాదు. సగము బడి, సగము పనిశాల. నూలు వడకుట, మేజోళ్ళు అల్లుట, త్రాళ్ళు పేనుట, నవారు వంటి పట్టెలు నేయుట, పుస్తకములు కుట్టి అట్టలు కట్టుట, వీనితోపాటు సంగీతము. చేతి కేది అలవడునో చూచి ఆ పని నిచ్చెడివారు. వీనియన్నిటిలో హావీకి మిక్కిలి ప్రియమైనది అచ్చుపని. అక్షరముల గళ్ళు ఎక్కడివక్కడ ఉన్నంతకాలము అచ్చు కూర్చువానికి చేతి వ్రేళ్ళే కన్నులు. అక్షరము తలక్రిందులుగా పడెనా, సరిగా పడెనా యన్నది వ్రేలికి తెలియును. చూపుగలవాని సాయము కొంత కావలెను. కాని పని పిల్లలదే. 1786లో అంధుల విద్యను గూర్చి హావీ రచించిన గ్రంథమును, రాజముద్రాపకుడైన క్లూజియే పర్యవేక్షణలో అంధబాలలే అచ్చొత్తిరి. దాని అమ్మకపు సొమ్ము వారికే చెందునట్లు ఏర్పాటు చేసిరి. ఆ సంవత్సరము డిసెంబరులో హావీ తన శిష్యులను వెర్సేల్స్ రాజభవనమునకు తీసికొనిపోయెను. పదునారవ లూయీ మహారాజు ఎదుట వారు చదివిరి, లెక్కలు చేసిరి, పాడిరి, తమ చేతిపనులను చూపిరి.

ఇట్టి ప్రదర్శనములు పారిస్‌లోను తరచుగ జరిగెడివి. దాతలను కూడగట్టుటకు వేరు మార్గము లేకుండెను. తిరునాళ్ళలో అంధులను నిలబెట్టి నవ్విన జనమే ఇప్పుడు వారిని చూచి ఆశ్చర్యపడుచుండెను. చూచుటకు వచ్చినవారి కుతూహలములో భేద మెంత యున్నదో చెప్పుట కష్టము. భేద మంతయు పిల్లల చేతులలో నున్నది. తిరునాళ్ళనాటి ఫిడేలుకు స్వరము రాదు. ఈ పిల్లలు చేసిన త్రాడు బావికి పనికివచ్చును.

1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. చందాలిచ్చు ప్రభువులు కొందరు దేశము విడిచిరి, కొందరు ప్రాణములే విడిచిరి. 1791లో ప్రభుత్వము పాఠశాలను స్వీకరించి, చెవిటి మూగ బాలుర పాఠశాలతో కలిపి ఒకే మఠములో పెట్టెను. కనలేనివారికిని వినలేనివారికిని ఒకే యిల్లు. సంజ్ఞ వీరికి తెలియదు, మాట వారికి తెలియదు. ఉపాధ్యాయుల నడుమ కలహములు రేగగా మరల విడదీయక తప్పలేదు. 1795లో చేసిన చట్టము ఈ సంస్థకు అంధ శ్రామికుల జాతీయ సంస్థ యని పేరు పెట్టెను. పేరు గొప్పదే గాని ఖజానాలో డబ్బు లేదు. రొట్టెకు కరవు వచ్చిన రోజులవి.

హావీ ఉత్తముడే కాని కార్యదక్షుడు కాడు. లెక్కలు సరిగా ఉంచుట, అధికారుల మనస్సు తెలిసి మెలగుట ఆయనకు చేతకాలేదు. పైగా విప్లవకాలమున పుట్టిన ఒక నూతన మతసమాజమున ఉత్సాహముతో చేరి, 1797లో దాని మొదటి సమావేశమును పాఠశాల ప్రార్థనా మందిరముననే జరిపించెను. నెపోలియన్ అధికారమునకు వచ్చిన పిమ్మట ఇవన్నియు నేరములుగ లెక్కకు వచ్చెను. 1801లో పాఠశాలను క్వెంజ్‌వేన్ అను ప్రాచీనమైన అంధుల ఆశ్రమములో కలిపివేసిరి. పూర్వము తిరునాళ్ళ బొమ్మలాటకు మనుష్యులను పంపిన ఆశ్రమము అదే. పిల్లలు మరల వృద్ధ యాచకుల నడుమ పడిరి. 1802లో హావీని పింఛనిచ్చి పంపివేసిరి.

ఆయన వెనుకంజ వేయలేదు. సొంతముగ చిన్న పాఠశాల పెట్టెను, అది నిలువలేదు. 1806లో, అరువదియొకటవ యేట, రష్యా చక్రవర్తి అలెగ్జాండరు ఆహ్వానముపై ఫూర్నియే అను అంధశిష్యుని వెంటబెట్టుకొని సెంట్‌పీటర్స్‌బర్గునకు ప్రయాణమయ్యెను. త్రోవలో బెర్లినులో ఆగి ప్రష్యారాజునకు తన పద్ధతిని చూపగా, ఆ సంవత్సరమే జోహన్ జోయ్‌నె అను పండితుడు అచ్చట అంధుల పాఠశాలను స్థాపించెను. రష్యాలో మాత్రము మరొక అనుభవ మెదురయ్యెను. అంధబాలలను పంపుడని కోరగా, మా దేశమున అంధులే లేరని అధికారులు సమాధాన మిచ్చిరట! ఏలికకు కనబడనివాడు జనాభాలో లేనివాడే కాబోలు. ఎట్లో కొద్దిమందిని సంపాదించి పదునొకండేండ్లు అచట పనిచేసి, 1817లో చిక్కి శల్యమై, చేత కాసు లేక పారిస్ తిరిగివచ్చి అన్నగారి యింట చేరెను.

ఈలోపుగ పారిస్ పాఠశాల ఆశ్రమమునుండి వేరుపడి తన కాళ్ళపై నిలిచెను. తాను నాటిన చెట్టును చూచుటకు ముసలివాడు వెళ్ళగా, అప్పటి అధిపతి గీయే ఆయనను లోనికి రానీయలేదు. విప్లవముతో సంబంధమున్న పేరు రాజుగారి యేలుబడిలో సంస్థకు చేటు తెచ్చునని భయము కాబోలు. ఆ పాఠశాల స్థాపకుడు ఆ విధముగ నాలుగేండ్లు గుమ్మము బయటనే యుండెను. 1821లో గీయే తొలగింపబడి పీన్యే అను వైద్యుడు అధిపతి యయ్యెను. ఆయన ఆగస్టు మాసమున హావీకి సన్మానము చేసెను. పూర్వము ఈ పాఠశాలలో పాడిన పాటలనే బాలురు మరల పాడి వినిపించిరి. హావీ కన్నీరు ఆపుకొనలేకపోయెను. మరుసటి సంవత్సరము మార్చిలో ఆయన మరణించెను. కొద్ది నెలలకే అన్న రెనే జూస్త్ కూడ కాలధర్మము చెందెను.

సన్మానమునాడు ఆ బాలుర నడుమ జీనులు కుట్టువాని కుమారుడు, పండ్రెండేండ్ల లూయీ బ్రెయిల్ ఉండెను. బ్రెయిల్ ఆ బడిలోనే చదివి, అచ్చటి చెప్పుల పనిశాలలో మేస్త్రీగా పనిచేసి, పిమ్మట ఉపాధ్యాయు డయ్యెను. హావీ పుస్తకములలోని లోపము అతనికి వ్రేళ్ళతో తెలియును. చూపుగలవారును అంధులును ఒకే లిపిని చదువవలెనని హావీ పట్టుబట్టెను. అది గొప్ప యాశయమే గాని, కంటికై పుట్టిన అక్షరపు వంకరలు వ్రేలికి త్వరగా అందవు. పుస్తకము మోయలేనంత బరువు. చదువుటయే గాని, ఆ లిపిలో అంధుడు తనంతట తాను సులభముగ వ్రాసికొనుటకు వీలులేదు. బ్రెయిల్ ఆరు చుక్కలతో క్రొత్త లిపిని కల్పించెను. 1951లో భారతీయ భాషలన్నిటికి కుదిర్చిన భారతీ బ్రెయిలు దానినుండి వచ్చినదే. తెలుగు అంధబాలలు చదువుచున్నదియు అదే.

బ్రెయిల్ తన లిపిని వివరించు గ్రంథమును 1829లో ఆ పాఠశాల యందే అచ్చువేయించెను. క్రొత్త చుక్కలను గూర్చి అందున్న వివరణ యంతయు హావీ ఉబ్బెత్తు అక్షరములలోనే యున్నది.