నీలగిరి నీడలో గురజాడ

ఆధునికాంధ్ర సాహిత్యానికి వేగుచుక్కగా వెలుగొందిన గురజాడ వేంకట అప్పారావు 1862 సెప్టెంబరు 21వ తేదీన, నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో మేనమామ ఇంట జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. ఒకవైపు తూర్పు కనుమలు, మరొకవైపు బంగాళాఖాతం గల సీమ అది. నేడు సెలవు దినాలలో రేవుపోలవరం సముద్రతీరానికి విహారార్థం వెళ్ళేవారు ఈ మండలానికే వస్తారు. మహాకవి పుట్టిన గడ్డపై తాము నడుస్తున్నామని వారిలో ఎందరికి తెలుసు?

అప్పారావుగారి బాల్యం చీపురుపల్లిలో, తరువాతి విద్యాభ్యాసం విజయనగరంలో సాగాయి. మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ పేద విద్యార్థిని ఆదరించి భోజన వసతులు కల్పించారు. 1886లో బి.ఏ. పట్టం పొందిన అప్పారావుగారు కొంతకాలానికి అదే కళాశాలలో ఉపన్యాసకులయ్యారు. అనంతరం ఆనంద గజపతి మహారాజు ఆయనను సంస్థాన శాసన పరిశోధకునిగా నియమించారు. మొదట ఆంగ్లంలో కవిత్వం రచించి ప్రశంసలందుకున్నా, ప్రజల హృదయాలను తాకాలంటే మాతృభాషయే శరణ్యమని గ్రహించి తెలుగు వైపు మరలారు. బాలికలను ధనానికి అమ్మే దురాచారాన్ని ఎండగట్టిన ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆ ఏడే మహారాజు మరణించారు. ఆ తరువాత అప్పారావుగారు రీవా మహారాణి అప్పల కొండమాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా బాధ్యతలు వహించారు.

అప్పారావుగారిది మొదటినుండి దుర్బలమైన శరీరం. సంస్థాన వ్యవహారాల ఒత్తిడి ఆయన ఆరోగ్యాన్ని మరింత దెబ్బతీసింది. స్వస్థత కోసం ఆయన నీలగిరులలోని ఉదకమండలం చేరారు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ పట్టణం నాడు మద్రాసు ప్రభుత్వానికి వేసవి విడిది. మైదానాల ఎండలకు తాళలేని అధికారులు, సంస్థానాధీశులు అక్కడికి తరలిపోయేవారు. 1908 నాటికి కొండ రైలు కూడా ఉదకమండలం దాకా వచ్చింది. వేట, గుర్రపు స్వారీ, ఉద్యానవన విహారం అక్కడ చాలామందికి కాలక్షేపాలు.

అప్పారావుగారికి మాత్రం ఆ చల్లని కొండలు కార్యక్షేత్రమైనాయి. మిత్రులు ఎస్. శ్రీనివాస అయ్యంగారు పట్టుబట్టి ప్రోత్సహించగా, ఆయన అక్కడ కన్యాశుల్కాన్ని తిరిగి చేపట్టారు. అయిదంకాల నాటకం ఏడంకాలకు విస్తరించింది. పాత్రలు కొత్త జీవం పోసుకొన్నాయి. 1909లో వెలువడిన ఆ రెండవ కూర్పే నేడు మనం చదువుతున్న కన్యాశుల్కం. దేహం విశ్రాంతిని కోరుతున్న వేళ, సంఘంలోని బాధితులను ఆయన మనస్సు మరువలేదు. నీలగిరుల సౌందర్యం సైతం ఆయన కలానికి దూరం కాలేదు. నీలగిరి పాటలు అందుకు సాక్ష్యం.

అప్పారావుగారి రచనలలో ప్రకృతి కేవలం అలంకారం కాదు. పూర్ణమ్మ కథలో పూజారి కూతురు పూలతో, పక్షులతో చెలిమి చేస్తూ పెరుగుతుంది. ఆమెను ధనాశతో వృద్ధునికి కట్టబెట్టినప్పుడు మనుషుల క్రౌర్యం ఆ తోట సౌకుమార్యం ఎదుట మరింత భయంకరంగా కనిపిస్తుంది. 1910లో హేలీ తోకచుక్క ఆకాశంలో కనిపించినప్పుడు జనులనేకులు అరిష్టమని భయపడ్డారు. అప్పారావుగారు మాత్రం దానిని భూమిని చూడవచ్చిన చుట్టంగా, సంఘ సంస్కరణకు శుభసూచకంగా భావించి ముత్యాల సరాలలో వర్ణించారు. ఒకే ఆకాశాన్ని అందరూ చూశారు; మూఢనమ్మకపు తెర లేకుండా చూడగలిగినవారు కొందరే. అప్పారావుగారు ఆ కొందరిలో ఒకరు.

చివరి సంవత్సరాలలో ఆయన వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తిగారితో కలసి పోరాడారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30వ తేదీన, యాభై మూడేళ్ళకే విజయనగరంలో కన్నుమూశారు. ఆయన నివసించిన ఇల్లు నేడు స్మారక మందిరంగా నిలిచి ఉంది.

ఉదకమండలం నుండి వచ్చిన ఆరేళ్ళలోనే ఆయన జీవితం ముగిసిందని తలచుకొంటే, ఆ కొండలపై గడిపిన దినాల విలువ తెలుస్తుంది. కొండలకు, కడలి తీరాలకు వెళ్ళి సేదతీరడం ఎవరికైనా అవసరమే. అయితే సేదతీరిన మనస్సును తోటివారి మేలుకు వినియోగించినప్పుడే ఆ విశ్రాంతి సార్థకమవుతుందని గురజాడ జీవితం మనకు బోధిస్తున్నది.