తీగల్ని కొలిచిన మాస్టారు - జార్జ్ సైమన్ ఓమ్

మన సైన్సు పుస్తకంలో ఓమ్ నియమం అని ఉంటుంది. నేను చాలా రోజులు ఓమ్ అంటే పూజలో చదివే మంత్రం అనుకున్నాను. కాదంట. అది ఒక మనిషి పేరు. ఆయన బడిలో లెక్కలు చెప్పిన పంతులు. ఆయన కథ రాస్తున్నాను, చదవండి.

జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీ దేశంలోని ఎర్లాంగెన్ అనే ఊరిలో 1789 మార్చి 16న జన్మించాడు. తండ్రి తాళాలు చేసి బతికేవాడు. తల్లి ఒక దర్జీ కూతురు. వాళ్ళకి ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే దక్కారు. ఓమ్‌కి పదేళ్ళప్పుడు తల్లి కూడా చనిపోయింది. తండ్రి పెద్ద చదువులు చదవలేదు. అయినా తనంతట తాను లెక్కలు, సైన్సు నేర్చుకొని కొడుకులిద్దరికీ ఇంట్లోనే చెప్పేవాడు. ఇంట్లో పాఠం చెప్పేవాళ్ళు లేని మనకి ఇది వింతగానే ఉంటుంది. తమ్ముడు మార్టిన్ కూడా తర్వాత గణిత పండితుడు అయ్యాడు.

1805లో ఓమ్ యూనివర్సిటీలో చేరాడు. చేరాక చదువు తగ్గించి డాన్సులు, మంచు మీద జారే ఆట, బిలియర్డ్స్ ఆటలో పడ్డాడు. తండ్రికి చాలా కోపం వచ్చింది. చదువు మాన్పించాడు. 1806లో ఓమ్ స్విట్జర్లాండ్‌కి పోయి ఒక బడిలో లెక్కల పంతులుగా చేరాడు. అంత గొప్పవాడికి కూడా తిట్లు పడ్డాయని తెలిసి నాకు నవ్వొచ్చింది. కానీ అక్కడ ఖాళీ దొరికితే ఒక్కడే కూర్చొని చదువుకున్నాడు. 1811లో తిరిగొచ్చి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. తర్వాత చిన్న చిన్న ఉద్యోగాలు చేసి 1817లో కొలోన్ నగరంలోని బడిలో చేరాడు. ఆ బడిలో మంచి ప్రయోగశాల ఉంది. ఆయన అదృష్టం అదే.

తీగలో కరెంటు పోతే పక్కనున్న అయస్కాంత సూది తిరుగుతుందని 1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. ఓమ్ ఆ సూదినే కొలబద్ద చేసుకున్నాడు. సూది ఎంత గట్టిగా తిరగబోతే కరెంటు అంత ఎక్కువ. కానీ ఆ రోజుల్లో బ్యాటరీ నిలకడగా ఉండేది కాదు. కొలుస్తూ ఉండగానే దాని బలం తగ్గిపోయేది. అందుకే 1825లో ఓమ్ అచ్చువేసిన మొదటి సూత్రం తప్పు అయ్యింది. అచ్చయిన తప్పు అందరూ చూస్తారు కదా. ఆయన వదిలిపెట్టలేదు. పోగెండార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు సలహా ఇస్తే బ్యాటరీ తీసేసి, బిస్మత్, రాగి కలిపిన జంట పెట్టాడు. రెండు లోహాలు కలిసే చోట్లలో ఒకటి మరిగే నీళ్ళలో, ఇంకొకటి మంచులో ఉంచాడు. మరిగే నీళ్ళ వేడి మారదు, కరిగే మంచు చల్లదనం మారదు. అందుకని కరెంటుని తోసే బలం కూడా మారదు. అప్పుడు ఒకే లావు ఉన్న 8 రాగి తీగల్ని, 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా, ఒక్కొక్కటే పెట్టి కొలిచాడు. తీగ పొడుగయ్యే కొద్దీ కరెంటు తగ్గింది. ఈసారి లెక్క సరిపోయింది.

మా ఊళ్ళో కొండ ఊట నుంచి పైపులో నీళ్ళు దింపుతారు. ఊట ఎంత ఎత్తున ఉంటే నీళ్ళు అంత జోరు. పైపు సన్నగా, పొడుగ్గా ఉంటే నీళ్ళు తగ్గుతాయి. ఎత్తు లాంటిది వోల్టేజి, నీళ్ళు లాంటిది కరెంటు, పైపు పెట్టే అడ్డు నిరోధం. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది, అది ఓముల్లో. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే సామర్థ్యం, అది వాట్లలో. కరెంటు తీగలో ఎంత వేడి పుట్టిస్తుందో ఇంగ్లండులో జౌల్ 1841లో చెప్పాడు.

ఒక హీటరు మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉందనుకోండి. 1000ని 230తో భాగిస్తే కరెంటు సుమారు 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే నిరోధం సుమారు 53 ఓములు. ఇప్పుడు వోల్టేజి సగానికి, అంటే 115కి పడిపోయిందనుకోండి. తీగ అదే, 53 ఓములే. కరెంటు కూడా సగమై 2.17 అవుతుంది. 115ని 2.17తో గుణిస్తే 250 వాట్లే. సగం వోల్టేజికి సగం వేడి వస్తుందని నేను అనుకున్నాను, పావే వచ్చింది. లెక్క తప్పేమో అని మూడుసార్లు చేశాను. వోల్టేజి తగ్గిన రోజు నీళ్ళు ఎందుకు కాగవో అప్పుడు తెలిసింది.

ఓమ్ ఇదంతా 1827లో బెర్లిన్‌లో పుస్తకంగా వేశాడు. పెద్దవాళ్ళు మెచ్చుకోలేదు. మంచి ఉద్యోగం వస్తుందని ఆశపడితే రాలేదు. 1828లో కొలోన్ ఉద్యోగం కూడా వదిలేశాడు. కొన్నేళ్ళు వారానికి కొన్ని గంటల పాఠాలతోనే గడిపాడు. 1833లో నూరెంబర్గ్‌లో పని దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. సొంత దేశం కంటే ముందు పరాయి దేశం గుర్తించడం నాకు బాధగా అనిపించింది. ఆయన కోరుకున్న మ్యూనిక్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పదవి 1852లో వచ్చింది. అప్పటికి 63 ఏళ్ళు. 1854 జూలై 6న చనిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు.

1881లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు కూడి ఆయన పేరున్న ఓమ్‌ని నిరోధం కొలతగా ఒప్పుకున్నారు. రేడియోలు బాగుచేసేవాళ్ళ దగ్గర నిరోధాల మీద, మీటర్ల మీద గుర్రపు నాడా లాంటి గుర్తు ఉంటుంది, చూడండి. అది ఒమేగా అనే గ్రీకు అక్షరం. దాన్ని ఓమ్ అనే చదవాలి.