నెల్లూరి జూయెట్ దొర

ఇందుకూరుపేట నుండి పడమటి దారి పట్టినవారు నెల్లూరు చేరుదురు. నూటయేబది యేండ్లకు పూర్వము ఆ పట్టణమున లైమన్ జూయెట్ అను అమెరికా దొర కాపురముండి, తెలుగు నేర్చి, తెలుగువారి నడుమనే తన నడివయసంతయు గడపెను.

ఆయన 1813లో మెయిన్ రాష్ట్రమందలి వాటర్‌ఫర్డ్‌లో జన్మించెను. బ్రౌన్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, న్యూటన్‌లో వేదాంతవిద్య నభ్యసించెను. 1848లో భార్య యుఫీమియాతో ఓడనెక్కి, మరుసటి యేట నెల్లూరు చేరెను. 1840లోనే అచట బాప్టిస్టు మిషను నెలకొల్పిన శామ్యూల్ డే దొర, స్వదేశము నుండి మరలి వచ్చుచు వారితో కలిసెను. ఆయన ఆరోగ్యము చెడి 1853లో శాశ్వతముగా వెడలిపోగా, భారమంతయు జూయెట్‌పై బడెను.

శ్రమ పెద్దది, ఫలము స్వల్పము. ఆ 1853లోనే అమెరికాలో ఆల్బనీ నగరమున జరిగిన మహాసభలో, నెల్లూరు మిషనును మూసివేయుటయే మేలను వాదము బయలుదేరెను. గోడకు వ్రేలాడిన పటమున తక్కిన స్థావరములకు గుంపులుగా చుక్కలుండగా, తెలుగు దేశమున నొక్కటే చుక్క. ఆ ఒంటరి చుక్కను గూర్చి శామ్యూల్ స్మిత్ అను కవి ఆ రాత్రియే ఒక గేయమును రచించెను. అది సభలో చదువబడగా పలువురి కన్నులు చెమ్మగిల్లినవట. మిషను నిలిచినది. కవిత్వము వలన ప్రయోజనమేమని విద్యార్థి యడిగినపుడు ఉపాధ్యాయుడు చెప్పదగిన కథ యిది.

1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున జూయెట్ దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ నెక్కి, ఆ ఊరికొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ బోధకుడు రావలయునన్న పండ్రెండేండ్లు పట్టెను!

ఇంతలో 1862లో జూయెట్ అనారోగ్యముతో అమెరికా వెళ్ళవలసి వచ్చెను. అచట మరల అదే మాట: మిషను మూయుదము. గేయము ఒకసారి కాపాడినది గాని, ఈసారి మనిషియే అడ్డు నిలువవలసి వచ్చినది. ఎవరును పంపకున్నను తానొక్కడనే పోయి, తెలుగువారి నడుమనే బ్రతికి, అచటనే చత్తునని ఆయన తెగేసి చెప్పెను. అట్లయిన పాతిపెట్టుటకైనను ఒకని వెంట పంపవలెనని సంఘ కార్యదర్శి పరిహాసమాడెను. అట్లు వెంట వచ్చినవాడు ఇరువదియెనిమిదేండ్ల జాన్ క్లౌ. ఇరువురును 1864 నవంబరులో బోస్టను విడచి, 1865లో నెల్లూరు చేరిరి. మరుసటి యేట క్లౌ ఒంగోలున స్థిరపడెను.

తరువాతి చరిత్ర క్లౌ దొరది. 1876-78 కాటకమున ఆయన ఈ తీరము వెంట సాగు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము ఆ సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నది. జూయెట్‌ను అంతగా స్మరింపలేదు. ఆయన తెలుగు బైబిలు సవరణయందు, పదమునకు పదము తూచుచు, ఓర్పుతో కూర్చుండిన మనిషి. అట్టి పనికి జనసమ్మర్దము చేరదు.

పాతిపెట్టుటకని వచ్చిన క్లౌకు ఆ అవసరము కలుగలేదు. జూయెట్ మరి ముప్పదియేండ్లకు పైగా జీవించి, వార్ధక్యమున స్వదేశమునకు మరలి, 1897లో మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో కన్నుమూసెను. ఒంగోలులో ఆయన పేరిట ఒక దేవాలయమున్నది.